ఆకలి శీతకాలం చూసిన అమ్మాయి: ఆడ్రీ హెప్‌బర్న్ జీవితం, నటన, సేవ

ఒక సినిమా నటి జీవితాన్ని విజ్ఞానశాస్త్రం చెప్పే మనిషి ఎందుకు ఎత్తుకున్నాడని మీకు సందేహం రావచ్చు. ఆడ్రీ హెప్‌బర్న్ పేరు వినగానే చాలామందికి నల్లటి గౌను, పెద్ద కళ్లు, సన్నని మెడ గుర్తుకు వస్తాయి. ఆ సన్నని రూపాన్ని ఫ్యాషన్ పత్రికలు దశాబ్దాలపాటు పొగిడాయి. అదే శరీరం పదిహేనేళ్ల వయసులో ఆకలికి తట్టుకుని బతికిన శరీరమని తెలిసినవారు తక్కువ. ఆమె కథలో చరిత్ర ఉంది, కళ ఉంది, పోషకాహార శాస్త్రం కూడా ఉంది. ఈ మూడింటినీ కలిపి పరిశీలిద్దాం.

ఎవరి బిడ్డ? ఏ దేశపు నటి?

ఆడ్రీ 1929 మే 4న బెల్జియం రాజధాని బ్రసెల్స్ నగరంలో పుట్టింది. తండ్రి జోసెఫ్ రస్టన్ బ్రిటిష్ పౌరుడు. అందువల్ల కాగితాల మీద ఆమె కూడా బ్రిటిష్ పౌరురాలే. తల్లి ఎల్లా వాన్ హీమ్‌స్ట్రా డచ్చి జమీందారీ వంశానికి చెందినది. తాతగారు ఆర్నెమ్ పట్టణానికి మేయరుగానూ, ఆ తరువాత దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కు గవర్నరుగానూ పనిచేశారు. పాస్‌పోర్టు బ్రిటన్‌ది అయినా పెరిగిన ఊరు, చదివిన బడి, నేర్చుకున్న నాట్యం, తొలిసారి తెరమీద కనిపించిన చిత్రం చాలావరకు నెదర్లాండ్స్‌వే. అందుకే డచ్చి ప్రజలు ఆమెను తమ బిడ్డగానే లెక్కిస్తారు.

ఆడ్రీకి ఆరేళ్ల వయసులో, 1935లో తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. ఆ గాయం తనను జీవితాంతం వెంటాడిందని ఆమె తరువాత పలుమార్లు చెప్పింది. ఇక్కడ దాచకూడని విషయం ఒకటుంది. 1930లలో ఆమె తల్లిదండ్రులిద్దరూ ఫాసిస్టు భావాల పట్ల మొగ్గు చూపారు. యుద్ధం ఇంటి గుమ్మంలోకి వచ్చాక తల్లి ఆలోచన మారింది. ఎవరి జీవితాన్ని చదివినా మచ్చలతో సహా చదవడమే న్యాయం.

యుద్ధం నీడలో నాట్యం

1939 సెప్టెంబరులో బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. అప్పుడు ఆడ్రీ ఇంగ్లండులోని బడిలో చదువుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్ తటస్థంగా ఉండి బయటపడింది. ఈసారీ అలాగే జరుగుతుందని నమ్మిన తల్లి కూతుర్ని ఆర్నెమ్‌కు తీసుకువచ్చింది. ఆ లెక్క తప్పింది. 1940 మే 10న జర్మన్ సేనలు నెదర్లాండ్స్‌లోకి చొరబడ్డాయి. కొద్ది రోజుల్లోనే దేశం లొంగిపోయింది.

ఆక్రమణ కాలంలో ఇంగ్లీషు పేరు ప్రమాదకరం. అందుకని ఆమెను ఎడ్డా వాన్ హీమ్‌స్ట్రా అని పిలిచేవారు. 1942 ఆగస్టులో ఆమె పెద్దమ్మ భర్త ఓట్టో వాన్ లింబర్గ్ స్టీరమ్‌ను జర్మన్లు కాల్చి చంపారు. ఆయన ఏ నేరమూ చేయలేదు. ఎవరో చేసిన విధ్వంస చర్యకు ప్రతీకారంగా బందీలను చంపారు, వారిలో ఆయన ఒకరు. ఆమె సవతి అన్నల్లో ఒకరిని బెర్లిన్‌కు వెట్టిచాకిరీకి పట్టుకుపోయారు. ఇంకొకరు అజ్ఞాతంలోకి వెళ్లారు. యూదు కుటుంబాలను రైలు పెట్టెల్లోకి ఎక్కించడాన్ని ఆ అమ్మాయి కళ్లారా చూసింది.

ఈ రోజుల్లోనే ఆమె ఆర్నెమ్ సంగీత నాట్య విద్యాలయంలో వీన్యా మరోవా దగ్గర బ్యాలే నేర్చుకుంది. ప్రతిఘటన ఉద్యమానికి డబ్బు సేకరించేందుకు ఇళ్లలో రహస్యంగా ప్రదర్శనలు జరిగేవి. కిటికీలకు తెరలు దించేవారు. కాపలాకు మనుషులను నిలబెట్టేవారు. నాట్యం ముగిసినా ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. శబ్దం బయటికి వినిపిస్తే అందరి ప్రాణాలకూ ముప్పే.

ఆకలి శీతకాలం ఎలా వచ్చింది?

1944 సెప్టెంబరులో మిత్రరాజ్యాలు ఆర్నెమ్ వంతెనను పట్టుకోవాలని వేలమంది సైనికులను విమానాలనుంచి దించాయి. ఆ ప్రయత్నం విఫలమైంది. జర్మన్లు ఆర్నెమ్ పట్టణాన్ని పూర్తిగా ఖాళీ చేయించారు. ఆడ్రీ కుటుంబం అప్పటికే పక్కనున్న వెల్ప్ గ్రామంలో తాతగారితో ఉంటోంది. శరణార్థులతో ఆ ఊరు నిండిపోయింది.

మిత్రరాజ్యాలకు తోడ్పడాలని డచ్చి రైల్వే కార్మికులు సమ్మె చేశారు. దానికి కక్షగా జర్మన్ పాలకులు దేశపు పశ్చిమ ప్రాంతానికి ఆహార రవాణాను అడ్డుకున్నారు. కొన్ని వారాల తరువాత నిషేధాన్ని కొంత సడలించారు. కానీ అప్పటికి చలి ముదిరి కాలువలు గడ్డకట్టాయి. పడవలు కదలలేదు. బొగ్గు లేదు, కరెంటు లేదు. డచ్చి వారు ఆ కాలాన్ని ‘ఆకలి శీతకాలం’ అంటారు.

అంకెలు చూడండి. ఎదిగిన మనిషికి రోజుకు సుమారు 2000 కేలరీలు, అంతకు మించి కావాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రేషన్ 1944 నవంబరు చివరికి 1000 కేలరీల లోపుకు పడిపోయింది. 1945 ఫిబ్రవరి చివరికి 580 దగ్గరికి దిగింది. జనం చక్కెర దుంపలను, ట్యూలిప్ పూల గడ్డలను ఉడికించి తిన్నారు. దాదాపు 20,000 మంది చనిపోయారని అంచనా. కరువు అందరికంటే ఎక్కువగా పీడించింది పశ్చిమాన ఉన్న పెద్ద నగరాలను. అయితే యుద్ధరంగం అంచున ఉన్న వెల్ప్‌లో కూడా తిండి కరవైంది.

ఇది వానలు పడక వచ్చిన కరువు కాదు. మనుషులు తెచ్చిపెట్టిన కరువు. అంతకు ఒక్క ఏడాది ముందే, 1943లో, మన బెంగాల్‌లో యుద్ధకాలపు విధానాలు, ధరల పెరుగుదల, పాలకుల నిర్లక్ష్యం కలిసి 20 నుంచి 30 లక్షల మందిని బలిగొన్నాయి. గింజలు ఉన్నాయా లేవా అన్నది ఒక ప్రశ్న. అవి ఆకలిగొన్నవారి నోటికి చేరాయా లేదా అన్నది ఇంకో ప్రశ్న. రెండు కరువులూ నేర్పేది ఇదే.

ఆకలి శరీరాన్ని ఏం చేస్తుంది?

యుద్ధం ముగిసేనాటికి ఆడ్రీకి రక్తహీనత, కామెర్లు, శ్వాస ఇబ్బందులు ఉన్నాయి. కాళ్లకు నీరు పట్టింది. వీటికి కారణాలు తెలుసుకుందాం.

తిండి అందనప్పుడు శరీరం ముందుగా కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వను వాడుకుంటుంది. అది ఒక రోజుకు మించి రాదు. తరువాత కొవ్వును కరిగిస్తుంది. దానితోపాటు కండరాల్లోని ప్రోటీన్‌ను కూడా ఖర్చు చేస్తుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం వంటివి అందకపోతే ఎర్ర రక్తకణాలు సరిగా తయారుకావు. అదే రక్తహీనత. ఇక నీరు పట్టడం సంగతి. రక్తంలోని ప్రోటీన్లు నీటిని రక్తనాళాల్లో నిలిపి ఉంచడానికి సాయపడతాయి. అవి తగ్గినప్పుడు నీరు బయటి కణజాలంలోకి ఊరుతుంది. పస్తులుండే మనిషి కాళ్లు ఉబ్బడానికి ఇదొక ముఖ్య కారణం. చూసేవారు ఒళ్లు వచ్చిందనుకుంటారు. నిజానికి అది ఆకలి గుర్తు.

1945 ఏప్రిల్ మధ్యలో వెల్ప్‌కు విముక్తి లభించింది. మే 4న ఆమెకు పదహారేళ్లు నిండాయి. మరునాడే నెదర్లాండ్స్‌లో జర్మన్ సేనల లొంగుబాటు. సహాయక సంస్థలు తెచ్చిన ఆహారం, మందులు ఆ పిల్లలను నిలబెట్టాయి. ఆ సంగతి ఆమె మరచిపోలేదు.

నాట్యం తప్పిపోయింది, తెర దొరికింది

యుద్ధం తరువాత ఆడ్రీ ఆమ్‌స్టర్‌డామ్‌లో సోనియా గాస్కెల్ దగ్గర బ్యాలే కొనసాగించింది. 1948లో విడుదలైన ‘ఏడు పాఠాల్లో డచ్చి’ అనే చిత్రంలో విమాన పరిచారికగా చిన్న పాత్ర వేసింది. అదే ఆమె తొలి సినిమా.

తరువాత లండన్‌లో మేరీ రాంబేర్ బ్యాలే పాఠశాలలో చేరింది. పొడవు ఎక్కువ, పైగా యుద్ధకాలపు పోషకాహార లోపం వల్ల బలం చాలదు. కనుక అగ్రశ్రేణి నర్తకి కావడం సాధ్యం కాదని గురువు చెప్పేసింది. ఎన్నో ఏళ్ల కల అలా ముగిసింది. పొట్ట గడవడానికి ఆమె సంగీత నాటకాల్లో బృంద నర్తకిగా, సినిమాల్లో ఒకటి రెండు మాటల పాత్రల్లో పనిచేసింది.

1951లో ఒక చిత్రం షూటింగులో ఆమెను ఫ్రెంచి రచయిత్రి కోలెత్ చూసింది. తన ‘జీజీ’ కథ నాటకంగా న్యూయార్కులో ప్రదర్శించబోతున్నారు. నాయిక ఈ అమ్మాయేనని ఆమె తేల్చి చెప్పింది. అదే ఏడాది ‘రోమన్ హాలిడే’ కోసం స్క్రీన్ టెస్టు జరిగింది. దృశ్యం అయిపోయిందని చెప్పాక కూడా కెమెరాను ఆపకుండా నడిపించారు. నటన ముగిసిందనుకుని ఆమె నవ్వుతూ మాట్లాడిన ఆ క్షణాలే దర్శకుడు విలియం వైలర్‌ను ఒప్పించాయి. 1953లో విడుదలైన ఆ చిత్రానికి ఆమె ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. 1954లో ‘ఆన్‌డీన్’ నాటకానికి టోనీ బహుమతి కూడా వచ్చింది.

ఆ తరువాత ‘సబ్రీనా’, ‘ఫన్నీ ఫేస్’, ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్’, ‘షరాడ్’ వరుసగా వచ్చాయి. సబ్రీనా కథ 1994లో హిందీలో ‘యే దిల్లగీ’గా మన ప్రేక్షకులకూ చేరింది. 1964 నాటి ‘మై ఫెయిర్ లేడీ’లో ఆమె పాటల్లో చాలా భాగం మార్నీ నిక్సన్ పాడింది. నేపథ్య గానం మనకు కొత్త కాదు. హాలీవుడ్‌లో మాత్రం ఇది పెద్ద విమర్శకు దారితీసింది.

నటిగా ఆమె లోతు తెలియాలంటే 1959 నాటి ‘ది నన్స్ స్టోరీ’ చూడాలి. అందులో ఆమె బెల్జియం సన్యాసిని, కాంగోలో నర్సుగా పనిచేస్తుంది. తండ్రిని జర్మన్లు చంపాక శత్రువును క్షమించలేక మఠం విడిచిపెడుతుంది. ఆక్రమణలో పెరిగిన ఆడ్రీకి అది కేవలం పాత్ర కాదు. దాదాపు అదే కాలంలో ఆన్ ఫ్రాంక్ పాత్ర ఇవ్వజూపితే ఆమె వద్దంది. ఇద్దరూ 1929లోనే, కొద్ది వారాల తేడాతో పుట్టినవారు. ఆ డైరీ చదివినప్పుడు తన బాల్యమే కళ్లముందు నిలిచిందనీ, దాన్ని నటించలేననీ ఆమె భావన.

మొత్తం అయిదుసార్లు ఉత్తమ నటి ఆస్కార్‌కు ఆమె పేరు పరిశీలనకు వచ్చింది. 1967 తరువాత పిల్లల పెంపకం కోసం సినిమాలు బాగా తగ్గించుకుంది.

శాస్త్రవేత్తలు నేర్చుకున్న పాఠం

ఆకలి శీతకాలానికి ఒక ప్రత్యేకత ఉంది. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో స్పష్టంగా తెలుసు. రేషన్ లెక్కలు, జనన వివరాలు భద్రంగా ఉన్నాయి. కరువుకు ముందూ వెనకా జనం బాగానే తిన్నారు. అందువల్ల ఏ తల్లి గర్భంలోని శిశువు ఏ నెలలో పస్తులున్నదో పరిశోధకులు లెక్కకట్టగలిగారు.

1976లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సుమారు 3 లక్షల మంది యువకుల సైనిక వైద్య పరీక్షల వివరాలను పరిశీలించారు. గర్భం తొలి సగంలో కరువుకు గురైనవారిలో ఊబకాయం ఎక్కువగా కనిపించింది. చివరి నెలల్లో గురైనవారిలో తక్కువగా ఉంది. తరువాతి అధ్యయనాలు మధుమేహ లక్షణాలను, గుండె జబ్బులను కూడా ఈ కరువుతో ముడిపెట్టాయి. 2008లో మరో విషయం తేలింది. కరువు రోజుల్లో గర్భంలో పడినవారిలో ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువుపై ఉండే రసాయన గుర్తులు, వారి తోబుట్టువులతో పోలిస్తే, అరవై ఏళ్ల తరువాత కూడా భిన్నంగా ఉన్నాయి. జన్యువు మారలేదు. అది పనిచేసే తీరును నియంత్రించే గుర్తులు మారాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఫలితాలు గర్భస్థ శిశువులకు సంబంధించినవి. ఆడ్రీ అప్పటికి కౌమారంలో ఉంది. కనుక ఆమెకు తరువాత వచ్చిన ప్రతి అనారోగ్యాన్నీ ఆ కరువుకు అంటగట్టడం శాస్త్రం కాదు.

మనకు మాత్రం ఈ పాఠం చాలా దగ్గరిది. తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు, నడివయసులో వచ్చే మధుమేహం రెండూ మన దేశపు సమస్యలే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు గర్భిణులకు ఆహారం అందిస్తున్నాయి. ఆ గుడ్డు, ఆ పప్పు ఈ పూట ఆకలి తీర్చడానికే కాదు. అరవై ఏళ్ల తరువాతి ఆరోగ్యానికి కూడా అవి పెట్టుబడి.

తీర్చుకున్న రుణం

1988లో యునిసెఫ్ ఆమెను సౌహార్ద రాయబారిగా నియమించింది. ఆ ఏడాదే కరువు పీడించిన ఇథియోపియాకు వెళ్లింది. తరువాత టర్కీలో టీకాల కార్యక్రమాన్ని, మధ్య అమెరికాలో తాగునీటి పథకాలను, సూడాన్‌లో యుద్ధబాధితులను చూసింది. 1989లో మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ పల్లెల్లో తిరిగింది. విరేచనాలతో చనిపోయే పసిపిల్లలను కాపాడే ఉప్పు, చక్కెర, నీటి ద్రావణానికి తొలినాటి పరీక్షలు జరిగిన నగరాల్లో ఢాకా ముఖ్యమైనది. చక్కెర తోడుంటే పేగు ఉప్పును పీల్చుకుంటుంది, ఉప్పు వెంట నీరు లోపలికి పోతుంది. ఇంత తేలికైన సూత్రం ఎన్నో లక్షల ప్రాణాలు నిలిపింది.

ఒకప్పుడు నటించనన్న ఆన్ ఫ్రాంక్ డైరీలోని భాగాలను 1990లో యునిసెఫ్ కోసం వేదికలపై ఆమె చదివింది. పాత్రగా కాక, సాక్షిగా చదివింది.

1992 సెప్టెంబరులో సోమాలియా వెళ్లివచ్చింది. తిరిగి వచ్చాక కడుపునొప్పి మొదలైంది. ఉండుకంలో పుట్టి పొట్టలో వ్యాపించిన క్యాన్సర్ అని వైద్యులు తేల్చారు. 1993 జనవరి 20న, స్విట్జర్లాండ్‌లోని తొలోషెనాజ్ గ్రామంలో తన ఇంట్లోనే కన్నుమూసింది. వయసు 63 ఏళ్లు.

సోమాలియాలో ఎముకల గూళ్లలా మిగిలిన పిల్లలను చూసినప్పుడు ఆమెకు కొత్తగా ఎవరూ వివరించనక్కరలేదు. కాళ్లు ఎందుకు ఉబ్బుతాయో, ఒక గిన్నెడు గంజి ఏం చేయగలదో ఆమె శరీరానికి తెలుసు. మీ ఊరి అంగన్‌వాడీకి ఒకసారి వెళ్లి చూడండి. ఎంతమంది గర్భిణులు వస్తున్నారు, పిల్లల బరువు నెలనెలా తూస్తున్నారా అని అడగండి. ఆడ్రీ హెప్‌బర్న్ జీవితాన్ని చదివినందుకు మనం చేయగల చిన్న పని అది.