మంత్రసాని అవ్వ, పింఛను అవ్వ

మాల, మాదిగ వాడల్లో అవ్వ అంటే కథలు చెప్పే ముసలమ్మ మాత్రమే కాదు. చాలా ఊళ్లలో ఆమే మంత్రసాని (కొన్నిచోట్ల చాకలి, మంగలి ఆడవాళ్లు చేసేవాళ్లు). దొర ఇంట్లోనైనా అర్ధరాత్రి నొప్పులొస్తే కబురు వాడకే వచ్చేది. బిడ్డను పట్టేది ఆమె, బొడ్డు కోసేది ఆమె, మాయ పూడ్చేది ఆమె. కూలి ఏంది? కొంచెం ధాన్యం, ఒక పాత చీర. పురుడు పోసిన ఆ చెయ్యే మర్నాడు బావి చేద ముట్టుకుంటే మైల!

అందుకే దీన్ని 'దళిత స్త్రీల విజ్ఞానం' అని పొగిడి ఊరుకోవడానికి మేం ఒప్పుకోం. విజ్ఞానమే. కానీ నెత్తురు ముట్టే పనులన్నీ వాడకు అంటగట్టిన కులమే దాన్నీ అంటగట్టింది. మనవరాళ్లు నేర్చుకోలేదంటే తప్పు పట్టలేం.

2005లో జననీ సురక్షా యోజన, 108 అంబులెన్సు వచ్చినంక కాన్పులు ఆసుపత్రులకు మరలడం ఊపందుకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 97 కాన్పులు అక్కడే. మంచిదే. అయితే మొత్తం కాన్పుల్లో నూటికి 60కి పైగా ఆపరేషన్లే! ఓపిక పట్టి కూచున్న అవ్వల అనుభవాన్ని అడిగి రాసుకున్నదెవరు?

ఇవాళ్టి అవ్వకు ఊరి పని పోయింది, ఇంటి పని మిగిలింది. కూతురు పట్నంలో పాచిపనికి, అల్లుడు మేస్త్రీ కింద కూలికి పోతే మనవల్ని సాకేది ఆమే. పింఛను పైసలు వాళ్ల నోటు పుస్తకాలకే పోతయి. ఈ సాకుడుకు పాత చీర కూడా రాదు. బడిలో తల్లిదండ్రుల మీటింగంటే ఆమే పోతది, వేలిముద్ర వేసి వస్తది.