పెట్టె అడుగున నెగటివ్

ఫిల్ము మీద తీసిన ఫొటో వెండి మీద పడిన వెలుగు ముద్ర. పలచటి ప్లాస్టిక్ పట్టీ మీద జిలాటిన్ పూత ఉంటుంది. ఆ పూత నిండా సన్నని సిల్వర్ హాలైడ్ రేణువులు ఉంటాయి. షట్టర్ తెరుచుకున్న రెప్పపాటులో వెలుగు వాటిని తాకుతుంది. ముద్ర పడుతుంది కానీ కంటికి కనిపించదు. రీలును చీకటిగదిలో డెవలపర్ ద్రావణంలో ముంచితే వెలుగు తగిలిన రేణువులు నల్లటి వెండిగా మారతాయి. తర్వాత హైపో ద్రావణంలో వేస్తే వెలుగు తగలనివి కరిగిపోతాయి. చివరగా నీళ్లలో బాగా కడిగి ఆరేస్తే నెగటివ్ తయారవుతుంది. జనం ఈ పనినంతా ‘ఫొటోలు కడిగించడం’ అన్నారు. ఫోను కెమెరాలు వచ్చాక ఆ మాట వినిపించడం తగ్గిందిగానీ, ఆ పని ఇచ్చిన నెగటివ్‌ల విలువ తగ్గలేదు.

డిజిటల్ ఫొటో అంకెల వరస. అది కనిపించాలంటే దాన్ని చదివే పరికరమూ, ఆ పరికరానికి అర్థమయ్యే పద్ధతీ రెండూ ఉండాలి. ఫ్లాపీల్లోనూ, గీతలు పడిన సీడీల్లోనూ దాచుకున్న ఫొటోలు ఎన్నో ఇళ్లలో ఇప్పుడు తెరవడానికి వీల్లేకుండా ఉన్నాయి. నెగటివ్‌కు ఆ ఇబ్బంది లేదు. కిటికీ ముందు ఎత్తి పట్టుకుంటే చాలు, మనుషులూ ఇల్లూ చెట్టూ తెలుపు నలుపులు తారుమారై కనిపిస్తాయి. ఇంకో సంగతి ఉంది. డిజిటల్ ఫొటోలో ఎంత వివరం ఉండాలన్నది తీసిన రోజునే తేలిపోతుంది. నెగటివ్‌లో ఉన్న వివరాన్ని మాత్రం మెరుగైన స్కానర్ వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త బయటికి తీయవచ్చు.

దీనికి హైదరాబాదే గట్టి నిదర్శనం. 1844లో మీరట్ దగ్గరి సర్దనాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళ చేతికి అప్పగించారు. అప్పటికి సెల్యులాయిడ్ రీళ్లు ఇంకా కొత్త. ఆయన పని గాజు పలకల మీద సాగింది. పలక గాజుదైనా, ముద్ర వేసింది అదే వెండి. ఆయన 1905లో చనిపోయారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగటివ్‌లు 2,857 సేకరించింది. నిజాం కాలపు మహళ్లూ, వేటలూ, దర్బారులూ ఎలా ఉండేవో ఈ తరం కళ్లారా చూడగలగడానికి ఆ పలకలు పగలకుండా మిగలడమే కారణం.

మిగలకపోతే ఏమవుతుందో సినిమా చెబుతుంది. తెలుగువాడైన రఘుపతి వెంకయ్య సంస్థ 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను ఈనాడు ఎవరూ చూడలేరు, దాని ఫిల్ము మిగల్లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ మిగిలింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెల ఫిల్ము మీద నిలిచింది కాబట్టే, 2010లో రంగులద్ది మళ్లీ థియేటర్లకు తీసుకురాగలిగారు.

ఫిల్ము గట్టిదే కానీ దానికి వేడీ తేమా పడవు. వెంకటాచలం లాంటి ఊళ్లలో ఈ రెండూ ఎక్కువే. నెల్లూరుకు దక్షిణాన, కృష్ణపట్నం తీరానికి చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో ఎండాకాలం ఉడికించేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ముసురు పట్టిస్తాయి. ఆ గాలికి జిలాటిన్ చెమ్మ పీల్చుకుంటుంది, దాని మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. అసిటేట్ ఫిల్ము అయితే మెల్లగా క్షీణిస్తూ వెనిగర్ వాసన వేస్తుంది. పెట్టె తెరవగానే ఆ పులుపు ముక్కుకు తగిలిందంటే ఫిల్ము పాడవడం మొదలైనట్టే. అలాంటి రీలును మిగతావాటి నుంచి వేరుచేసి, ముందుగా దాన్నే స్కాన్ చేయించాలి. రంగు ఫిల్ములో చివరికి మిగిలేది అద్దకపు రంగులే కాబట్టి అవి ఏళ్లు గడిచేకొద్దీ వెలుస్తాయి. బాగా కడిగిన నలుపు తెలుపు నెగటివ్‌లోని వెండి అంతకంటే చాలా కాలం నిలుస్తుంది.

కడగడంలోనూ ఈ వాతావరణం పరీక్ష పెడుతుంది. నలుపు తెలుపు డెవలపర్‌కు సాధారణంగా 20 డిగ్రీల వేడి చాలు. నెల్లూరు మే నెలలో కుళాయి నీళ్లే అంతకన్నా వేడిగా వస్తాయి. అందుకని ద్రావణం గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి చల్లబరచాలి. లేకపోతే జిలాటిన్ మెత్తబడి పూత చెదురుతుంది. ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ ఫిల్మును తయారుచేసింది కూడా చల్లటి ఊటీలోనే.

ఇంట్లో ఉన్న నెగటివ్‌లను కాపాడుకోవడం కష్టమేమీ కాదు. ప్లాస్టిక్ కవర్లలో కుక్కి, రబ్బరు బ్యాండు వేసి అటక మీద పడేయకూడదు. ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఒక్కో పట్టీని విడిగా పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచాలి. ఇంట్లో కాస్త చల్లగా ఉండే గదిలో, నేలకు ఎత్తుగా డబ్బాను పెట్టాలి. పట్టీని అంచులతోనే పట్టుకోవాలి. వేలి చెమట కూడా మచ్చ వేస్తుంది. 2021 నవంబరులో నెల్లూరు జిల్లాను ముంచెత్తినటువంటి వరదలో ఆల్బమ్ తడిస్తే, అంటుకున్నవాటిని లాగకూడదు, అలాగే ఎండనివ్వకూడదు. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, మెల్లగా విడదీసి, నీడలో ఆరేయాలి.

కొత్తగా తీసేవాళ్లకూ ఫిల్ము నేర్పేది ఉంది. రీలుకు సాధారణంగా 36 ఫొటోలే కాబట్టి నొక్కేముందు వెలుగు ఎటు పడుతోందో చూడాలి, మనిషి కుదురుకునేదాకా ఆగాలి. మధ్యాహ్నపు ఎండలో మైపాడు తీరపు అలల నురగను తీస్తే, డిజిటల్ సెన్సర్‌కు హద్దు దాటగానే తెలుపు వివరం లేని మచ్చవుతుంది. నెగటివ్ ఫిల్ము ఆ తెలుపులోనూ ఛాయలు పట్టుకుంటుంది. ఈ గుణాలను జనం మళ్లీ వెతుక్కుంటున్నారు. 2012లో దివాలా రక్షణ కోరిన కొడాక్, ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మును 2018లో తిరిగి తెచ్చింది. 2024లో పెంటాక్స్ కొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేసింది.

వేగానికీ, తక్కువ ఖర్చుకూ, క్షణంలో దూరదేశానికి పంపడానికీ డిజిటలే సరైనది. పాత నెగటివ్‌లను పదిమందితో పంచుకోవాలన్నా దాని సాయమే కావాలి. అయితే స్కాన్ చేయించాక నెగటివ్‌లను పారేయకూడదు. స్కాన్ నకలు మాత్రమే, అసలు నెగటివ్‌లోనే ఉంది. తాతల పెళ్లినాటి పట్టీ ఒకటి పెట్టె అడుగున ఉంటే, ఆనాడు వాళ్ల ముఖాల మీది నుంచి వచ్చిన వెలుగు తాకిన వెండి అందులో ఇప్పటికీ ఉంది.