పూజారి లేని ప్రార్థన.. ‘సార్’ అనక్కర్లేని బడి

బోర్డింగ్ స్కూల్ అనగానే మనవాళ్ళకు రెండే గుర్తొస్తాయి. ఒకటి, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్లిప్ టెస్టుతో ముగిసే మన రెసిడెన్షియల్ కాలేజీ. రెండోది, హ్యారీ పాటర్ సినిమాలోని కోట. నేను చదివింది ఈ రెండూ కాదు. ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని ఒక క్వేకర్ బోర్డింగ్ స్కూల్లో 13వ ఏట నుంచి 18వ ఏట దాకా ఉన్నాను. ఈమధ్య లీడ్స్‌లో ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతున్నారు: ‘‘మా పాపను అలాంటి స్కూల్లో వేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందమ్మా?’’ అని. రెండు ముక్కల్లో చెప్పలేకే ఇది రాస్తున్నాను.

అమ్మానాన్న ఇద్దరూ డాక్టర్లు. గుంటూరులో చదివి ఇక్కడికి వచ్చారు. శిక్షణలో ఉన్న డాక్టర్లకు ఆరు నెలలకో, ఏడాదికో ఆసుపత్రి మారుతుందని ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసిన వారందరికీ తెలుసు. వాళ్ళ ఆసుపత్రి మారినప్పుడల్లా నా బడి కూడా మారేది. 2004 నాటికి నాలుగు బళ్ళు అయ్యాయి. ఐదోది మారకుండా ఉండాలని నాన్న వెతికితే ఈ బడి దొరికింది. ఫీజులో కొంత స్కూలే భరించింది.

‘నువ్వు’ అన్నందుకు జైలు

క్వేకర్లంటే ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 17వ శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ అనే ఆయన ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన క్రైస్తవ శాఖ ఇది. అసలు పేరు ‘రెలిజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్’. ‘వణికేవాళ్ళు’ అని ఎగతాళిగా పెట్టిన పేరే క్వేకర్లుగా నిలిచిపోయింది. ప్రతి మనిషిలోనూ దేవుడి అంశ ఉందనేది వీళ్ళ నమ్మకం. అలాంటప్పుడు మధ్యలో పూజారి ఎందుకు, ఒకరు ఎక్కువ ఒకరు తక్కువ ఎందుకు అన్నారు.

అప్పటి ఇంగ్లీషులో కూడా మన ‘నువ్వు’, ‘మీరు’ లాంటి తేడా ఉండేది. క్వేకర్లు జమీందారునీ, జడ్జినీ, కూలివాడినీ ఒకే ‘నువ్వు’తో పిలిచారు. ఎవరి ముందూ టోపీ తీయలేదు. అందుకు దెబ్బలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు. ఆ పట్టింపే మా బడిలో టీచర్లను పేరు పెట్టి పిలిచే అలవాటుగా మిగిలింది. మొదటి సెలవుల్లో నేను మా లెక్కల టీచర్ పేరు చెబితే అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ‘‘టీచర్ని పేరు పెట్టి పిలవడమేమిటే!’’

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు ఆంగ్లికన్ చర్చిలో లేనివారికి పూర్తిగా తెరుచుకోవడానికి 1871 దాకా పట్టింది. అందుకే చాలామంది క్వేకర్లు వ్యాపారంలోకి వెళ్ళారు. క్యాడ్‌బరీ, ఫ్రై, రౌంట్రీ అనే చాక్లెట్ కుటుంబాలన్నీ క్వేకర్లే. మన పిల్లలు తినే కిట్‌క్యాట్ 1935లో యార్క్‌లోని రౌంట్రీ కంపెనీలో పుట్టిందే. పిల్లల కోసం బళ్ళూ వాళ్ళే కట్టుకున్నారు. ఆక్‌వర్త్ 1779లో, యార్క్‌లోని బూథమ్ 1823లో, రెడింగ్‌లోని లైటన్ పార్క్ 1890లో వచ్చాయి. బూథమ్‌లో చదివిన హోరేస్ అలెగ్జాండర్ తర్వాత గాంధీగారికి ఆప్తమిత్రుడయ్యారు. 1947 ఆగస్టు 15న కలకత్తాలో గాంధీగారి పక్కనే ఉన్నారు. భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

అరుగు మీద క్వేకర్

మావాళ్ళ మొదటి భయం మతం మార్పిడి. నిజానికి ఈ బళ్ళలో క్వేకర్ కుటుంబాల పిల్లలు ఇప్పుడు కొద్దిమందే. మా క్లాసులో ముస్లింలు, సిక్కులు, ఏ దేవుడూ లేనివాళ్ళూ ఉండేవారు. నన్ను మారమని ఎవరూ అడగలేదు.

ప్రార్థన అంటే ‘మీటింగ్’. గురువారం ఉదయం బల్లల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. విగ్రహం లేదు, శిలువ లేదు, పాట లేదు. అందరూ మౌనంగా ఉంటారు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి చెప్పొచ్చు. అది హెడ్ టీచర్ అయినా, పదకొండేళ్ళ పిల్లాడైనా ఒకటే. చెప్పినదానికి ఎవరూ జవాబివ్వరు, వాదించరు. చివర్లో పెద్దలిద్దరు చేతులు కలుపుతారు, తర్వాత అందరం పక్కవాళ్ళతో కలుపుతాం. అంతే.

మొదటి వారాల్లో నాకు కాళ్ళు తిమ్మిరెక్కడం, కడుపులో గుడగుడలు ఎవరైనా వింటారేమోనన్న భయం, ఇవే గుర్తున్నాయి. తెనాలిలో ఉన్న నానమ్మకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘‘మాట్లాడకుండా కూర్చోవడమేనా? అయితే మీ తాతయ్య రోజూ సాయంత్రం అరుగు మీద చేసేదదే. ఆయనా మీ జాతే’’ అంది.

బడిలో నిర్ణయాలు కూడా ఇలాగే జరిగేవి. క్వేకర్లు ఓట్లు వేయరు. అందరి మాటా విని, ఏకాభిప్రాయం కుదిరిందనిపించినప్పుడు క్లర్క్ దాన్ని రాసి అక్కడే చదివి వినిపిస్తారు. ఒకసారి రాత్రి తొమ్మిదికి ఫోన్లు తిరిగి ఇచ్చేయాలన్న నియమం మా విద్యార్థుల సభకు వచ్చింది. దాదాపు అందరం సరేనన్నాం. హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి మాత్రం, తన తల్లి నిద్రలేచేది ఇక్కడి రాత్రి పదికేనన్నాడు. ఓటు పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. మూడు వారాలు పట్టింది. చివరికి దూరదేశాల పిల్లలకు వారానికి రెండు రాత్రులు విడిగా సమయం ఇచ్చారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదని నేర్చుకుని వచ్చిన నాకు, ఒక్కడి ఇబ్బంది కోసం నలభై మంది ఆగడం కొత్త.

ఆ గురువారం

2006లో తాతయ్య పోయారు. వీసా పొడిగింపుకు పంపిన మా ముగ్గురి పాస్‌పోర్టులూ ఇంకా తిరిగి రాలేదు. నాన్న పెద్దకొడుకు. తలకొరివి బాబాయి పెట్టాడు. నాన్న ఫోన్‌లో విన్నాడు. శనివారం వచ్చి తీసుకెళ్తానని నాతో అన్నాడు.

గురువారం మీటింగ్‌లో లేచి నిలబడ్డాను. మా తాతయ్య చనిపోయారని, సాయంత్రాలు నన్ను అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకునేవారని, మేమెవరం వెళ్ళలేకపోయామని చెప్పి కూర్చున్నాను. ఎవరూ ఓదార్చలేదు. మూడు వందల మంది నాతోపాటు ఊరికే కూర్చున్నారు. ఆ రాత్రి వంటింట్లో పనిచేసే ఆవిడ నా బల్ల దగ్గరకొచ్చి, మీ తాతయ్య పేరేమిటని అడిగింది. చెబితే, సరిగ్గా పలకడం వచ్చేదాకా నాతో మూడుసార్లు చెప్పించుకుంది.

శనివారం కారులో ఇది నాన్నకు చెప్పాను. ‘‘అందరి ముందూ చెప్పావా?’’ అన్నాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. రేడియో కూడా పెట్టలేదు.

పోయినవీ ఉన్నాయి

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. శాంతి పేరు చెప్పుకునే బడిలో గొడవను గొడవ అని పిలవడానికి కొందరు వెనకాడేవారు. నా ఆవకాయ వాసన మీద ఒకమ్మాయి నెలల తరబడి జోకులు వేస్తే, ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి ‘ఒకరినొకరు అర్థం చేసుకోండి’ అన్నారు. నాకప్పుడు కావలసింది ‘అది తప్పు’ అన్న ఒక్క మాట. అది రావడానికి మరో టర్మ్ పట్టింది. శని, ఆదివారాల్లో స్థానిక పిల్లలు ఇళ్ళకు పోయాక ఆ పెద్ద భవనంలో పదిహేను మందిమి మిగిలేవాళ్ళం.

అన్నిటికంటే నష్టపోయింది తెలుగు. ఆదివారం ఫోన్‌లో ‘తిన్నావా, చదువుతున్నావా’ దాటి మాటలు సాగేవి కావు. చదవడం, రాయడం ఉద్యోగంలో చేరాక మళ్ళీ నేర్చుకున్నాను. ‘‘నీ ఎదుగుదల నేను సెలవుల్లోనే చూశాను’’ అని అమ్మ ఇప్పటికీ అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేనిప్పుడు ఫిజియోథెరపిస్టును. వార్డు మీటింగుల్లో అందరూ మాట్లాడేశాక, ఇంకా నోరు విప్పని జూనియర్ వైపు చూసి ఆగుతాను. ఆ అలవాటు బడి ఇచ్చిందే.

చేర్చాలనుకునే తల్లిదండ్రులకు నాకు తెలిసిన నాలుగు మాటలు. పూర్తి బోర్డింగ్‌కు ఏడాదికి 30,000 పౌండ్లు దాటడం మామూలే. పైగా 2025 జనవరి నుంచి ప్రైవేటు బడి ఫీజులపై 20 శాతం వ్యాట్ పడుతోంది. కాబట్టి బర్సరీ గురించి మొదటి రోజే అడగండి. వారాంతాల్లో ఎంతమంది పిల్లలు ఉండిపోతారో కనుక్కోండి. దగ్గర్లో ఉంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రమే ఉండే వీక్లీ బోర్డింగ్ చూడండి. ఎవరైనా ఏడిపిస్తే ఏం చేస్తారో, ఎన్ని రోజుల్లో చేస్తారో అడగండి. కుదిరితే ఒక మీటింగ్‌లో మీరూ కూర్చుని చూడండి.

ఇక అన్నిటికంటే ముందు, వెళ్తావా అని మీ అమ్మాయినో అబ్బాయినో అడగండి. అడిగాక వాళ్ళ తరఫున మీరే జవాబు చెప్పేయకుండా, వాళ్ళు చెప్పేదాకా ఆగండి. కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఆ బల్లల మీద మొదట్లో నాకూ అలాగే ఉండేది.