రేపటి ఎండ సరే, రేపటి రాత్రి?

2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోడీలో 51 డిగ్రీల ఎండ కాసింది. మన దేశంలో అధికారికంగా నమోదైన ఉష్ణోగ్రతల్లో ఇప్పటికీ అదే పెద్దది. అంతకుముందు అరవై ఏళ్లపాటు ఆ పేరు 1956 మే నెలలో 50.6 డిగ్రీలు చూసిన అల్వర్‌కు ఉండేది. ఆ తర్వాత కూడా థార్ ఎడారి ఊళ్లు యాభై దాటుతూనే ఉన్నాయి. చురూలో 2019 జూన్ 1న 50.8, 2024 మే 28న 50.5 నమోదయ్యాయి. ఇలాంటి అంకె రాగానే పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది, టీవీలో రోజంతా తిరుగుతుంది. ఎండ ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలని మనం అలవాటు పడిపోయాం. కానీ ఎడారి వేసవిని ముందుగా అంచనా వేయడంలో అన్నిటికన్నా తేలికైన భాగం ఈ పగటి గరిష్ఠమే. ప్రాణాలతో ముడిపడ్డ భాగం రాత్రి కనిష్ఠంలోనూ, గాలిలోని తేమలోనూ ఉంది.

తేలిక అని ఎందుకు అంటున్నానో ముందు చూడాలి. మే నెలలో థార్ మీద పై గాలి నెమ్మదిగా కిందికి దిగుతూ ఉంటుంది. దిగే కొద్దీ ఒత్తిడికి నలిగి, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. మబ్బు కట్టదు కాబట్టి ఎండకు అడ్డు లేదు. తడి ఉన్న నేల మీద పడిన ఎండలో పెద్ద వాటా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ఎండిన ఇసుకకు ఆ ఖర్చు లేదు, అందిన వేడిలో ఎక్కువ వాటా గాలికే చేరుతుంది. కాబట్టి జోధ్‌పూర్ లాంటి కేంద్రం నుంచి వదిలిన వాతావరణ బెలూన్ పైనుంచి పంపే కొలత చేతిలో ఉంటే సగం లెక్క తేలినట్టే. సముద్ర మట్టానికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున గాలి 34 డిగ్రీలుందనుకుందాం. ఫలోడీ ఎత్తు రెండు వందల మీటర్ల పైచిలుకు. మధ్యాహ్నానికి ఈ పొరంతా కలగలిసిపోతుంది గనుక 12, 13 డిగ్రీలు కలిపితే 46, 47 వస్తుంది. నేలను అంటిపెట్టుకున్న గాలి పలుచని పొరలో ఇంకాస్త ఎక్కువ వేడిగా ఉంటుంది, దానికి ఒకటి రెండు చేర్చాలి. కాగితం మీద చేసుకోదగిన ఈ లెక్కనే సూపర్ కంప్యూటర్లు దేశమంతటికీ చేస్తాయి. భారత వాతావరణ శాఖ 2025లో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గళ్లుగా వాతావరణాన్ని విడగొట్టి గణిస్తుంది.

పైగా ఆ పెద్ద అంకె మనం అనుకున్నంత గట్టిదీ కాదు. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న కొలిచిన 58 డిగ్రీలను తొంభై ఏళ్లపాటు ప్రపంచ రికార్డుగా చదువుకున్నాం. అనుభవం లేని పరిశీలకుడు పరికరాన్ని తప్పుగా చదివి ఉంటాడని, తేడా 7 డిగ్రీల వరకు ఉండవచ్చని తేల్చి 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టివేసింది. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్‌లో వచ్చిన 52.9 కూడా అంతే, సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తర్వాత తేలింది. తెల్ల రంగు వేసిన తడకల పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున, నీడలో పెట్టిన థర్మామీటరు చెప్పేదే లెక్క. నడినెత్తిన ఎండ పడుతుండగా రోడ్డు మీద తారు పరిచే కూలీ ఒంటికి తగిలే వేడి అందులో లేదు.

ఒంటికి తగిలే వేడిని తెలుసుకోవాలంటే ఎడారి ఇళ్లలో కిటికీకి బిగించిన కూలరును చూడండి. తడిసిన గడ్డి పలకల గుండా ఫ్యాను గాలిని లాగుతుంది, నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుపోతుంది. చెమట కూడా మన ఒంటి మీద ఇదే పని చేస్తుంది. ఇలా ఆవిరితో ఎంతవరకు చల్లబరచవచ్చో చెప్పే హద్దు పేరు తడి బల్బు ఉష్ణోగ్రత. థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది చూపించే అంకె ఇదే. గాలి 45 డిగ్రీలుండి తేమ 15 శాతమే ఉంటే ఈ హద్దు 24 దగ్గర ఉంటుంది, కూలరు ఇల్లు నిలబెడుతుంది. గాలి 38 డిగ్రీలకు తగ్గి తేమ 60 శాతానికి పెరిగితే హద్దు 31కి ఎక్కుతుంది. పత్రికలో ఏడు డిగ్రీలు తగ్గిన రోజున ఇంట్లో మనిషికి ఊపిరాడని పరిస్థితి ఇది. తడి బల్బు 35 చేరితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో లెక్కగట్టారు. తర్వాత అమెరికాలో యువకుల మీద చేసిన ప్రయోగాల్లో తేమ వాతావరణంలో ఆ హద్దు 31 దగ్గరే కనబడింది. థార్‌కు పడమటి అంచున, సింధు కాలువల మధ్య ఉన్న జాకోబాబాద్ 35ను కొద్దిసేపు దాటిన సందర్భాలు ఇప్పటికే నమోదయ్యాయి.

ఎడారి రాత్రులు చల్లగా ఉంటాయి కదా, భయమెందుకని ఎవరైనా అడగవచ్చు. మాట నిజమే, కానీ అది పొడి గాలికి, తేటగా ఉన్న ఆకాశానికి మాత్రమే వర్తిస్తుంది. రాత్రి ఇసుక వదిలే వేడి ఆకాశంలోకి పోవాలంటే దారిలో నీటి ఆవిరీ, దుమ్మూ ఉండకూడదు. ఆంధీ (దుమ్ము తుఫాను) లేచి దుమ్ము పైన నిలిచిన రోజున పగలు ఎండ కొంత తగ్గుతుంది, రాత్రి మాత్రం ఆ దుమ్మే దుప్పటి అవుతుంది. జూన్‌లో అరేబియా సముద్రపు గాలి వర్షం కంటే ముందే తేమను తెచ్చిపెడుతుంది. ఇందిరాగాంధీ కాలువ సాగు చేసిన మేర నేల తడిగా ఉంటుంది, దానితో పగలు గరిష్ఠం తగ్గినా ఉక్క పెరుగుతుంది. ఆ కాలువ వల్ల బతికిన ఊళ్ల సంగతి తెలిసిందే, దాన్ని తప్పు పట్టడం లేదు. గరిష్ఠం తగ్గింది కదా అని ప్రమాదం తగ్గిందనుకోవడమే తప్పు. దీనికి తోడు, పగలంతా కాగిన కాంక్రీటు శ్లాబు సగం రాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పగలు చర్మానికి ఎక్కువ రక్తం తోడి అలిసిన గుండె తేరుకునేది నిద్రలోనే. ముసలివాళ్లకు, గర్భిణులకు, ఎండలో పనిచేసి వచ్చినవాళ్లకు ఆ తేరుకునే సమయం వరసగా మూడు రాత్రులు దొరకకపోతే నాలుగో పగలు మామూలు ఎండైనా ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకో అభ్యంతరం బరువైనది. జనానికి ఒక్క అంకె చెబితేనే గుర్తుంటుందని, నాలుగు అంకెలు ఇస్తే ఏదీ పట్టించుకోరని యంత్రాంగం అంటుంది. వాతావరణ శాఖ దగ్గర ‘వెచ్చని రాత్రి’ కొలమానం ఉంది. గరిష్ఠం 40 దాటి, కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలకు పైగా ఎక్కువుంటే ఆ హెచ్చరిక వెలువడుతుంది. అంటే శాస్త్రం ఆ అంకెను పట్టించుకుంది, ఊరి దాకా చేరేది మాత్రం పగటి అంకె. రెండింటినీ చెప్పడం జనాన్ని తికమక పెడుతుందంటే నేను ఒప్పుకోను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు, అదే రోహిణిలోని తొలి తొమ్మిది రోజులను నౌతపా అని రాజస్థానీలు తరతరాలుగా లెక్క పెట్టుకున్నారు. రెంటచింతల ఎండ వేరు, బందరు ఉక్క వేరు అని తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చెప్పే తీరు సరిగా ఉండాలంతే. 2010 మేలో ఎండలకు అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. ఆ దెబ్బకే 2013లో ఆ నగరం ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. హెచ్చరిక రంగును బట్టి ఆసుపత్రులు, నీటి కేంద్రాలు, పని వేళలు మారేలా చేసుకుంది. అంకె వెంట చేయాల్సిన పని కూడా వస్తే జనం దాన్ని మరిచిపోరు.

తేమను, రాత్రిని అంచనా వేయడం కష్టమన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. దుమ్ము ఎప్పుడు లేస్తుందో, సముద్రపు గాలి ఏ ఊరి దాకా వస్తుందో ఒక్క లెక్కతో తేలదు. అందుకే ఒకే నమూనాను ఆరంభపు విలువలు కాస్త కాస్త మార్చి ఇరవైసార్లు నడుపుతారు. ఇరవైలో పద్నాలుగు లెక్కల్లో రాత్రి 32 డిగ్రీలకు దిగకపోతే, దిగని అవకాశం పదింట ఏడు వంతులని చెప్పవచ్చు. ఇలాంటి సమాచారం మూడు రోజుల ముందు చేతికి వస్తే రాత్రిపూట కరెంటు కోత పెట్టకుండా చూడవచ్చు, పాఠశాల భవనాలను చల్లని ఆశ్రయాలుగా తెరిచి ఉంచవచ్చు, ఇటుక బట్టీల పని తెల్లవారుజాముకు మార్చవచ్చు. ఇది థార్‌తో ఆగే సంగతి కూడా కాదు. మే నెలలో వాయవ్యం నుంచి వీచే పొడి గాలి మధ్య భారతం మీదుగా తెలంగాణకు, కోస్తాకు వడగాలిగా చేరుతుంది. సముద్రపు గాలి ఆలస్యమైన రోజున ఎండా, అది వచ్చాక ఉక్కా, రెండూ ఒకే ఇరవై నాలుగు గంటల్లో అనుభవించేది కోస్తా జిల్లాలే. అక్కడ సాయంత్రం వార్తల్లో రేపటి గరిష్ఠం పక్కనే తెల్లవారుజాము నాలుగింటికి ఎన్ని డిగ్రీలుంటుందో, తేమ ఎంతో కూడా చదివితే, ఆ రాత్రి ముసలి తల్లిని ఏ గదిలో పడుకోబెట్టాలో ఇంట్లోవాళ్లు ముందే నిర్ణయించుకుంటారు.