గంజిలో తేలిన గుట్టు

టొరంటోలోని కన్నాట్ వైద్య పరిశోధనశాలలో 1954 జనవరిలో ఆలివర్ స్మితీస్ బంగాళాదుంప పిండితో గంజి కాచాడు. ఆయన ఇన్సులిన్ మీద పనిచేస్తున్నాడు. ప్రొటీన్లను విడదీయడానికి అప్పట్లో వాడే వడపోత కాగితానికి ఇన్సులిన్ అంటుకుపోయి విసిగించేది. చిన్నప్పుడు ఇంగ్లండులో వాళ్లమ్మ బట్టలకు పెట్టే గంజి చల్లారాక గడ్డకట్టడం ఆయనకు గుర్తొచ్చింది. ఆ గడ్డలోంచి కరెంటు పారించి ప్రొటీన్లను నడిపించాడు. కాగితం మీద ఐదారు చారలుగా మాత్రమే కనిపించే రక్త ప్లాస్మా ఇక్కడ పదికి పైగా చారలుగా విడిపోయింది.

పరీక్షకు దొరికిన రక్తం తనదీ, తోటివాళ్లదీ. ఆ చారలు అందరిలో ఒకేలా రాలేదు. అది ఆడ, మగ తేడా అనుకున్నాడు. కొన్నాళ్లు నమూనాలన్నీ అలాగే కలిసొచ్చాయి కూడా. చివరికి ఒక స్త్రీ ప్లాస్మాలో ‘మగ’ చారలు కనిపించడంతో ఆ ఊహ వీగిపోయింది. జన్యుశాస్త్రవేత్త నార్మా ఫోర్డ్ వాకర్‌తో కలిసి కుటుంబాలను పరిశీలిస్తే, ఆ తేడాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తున్నాయని 1955లో తేలింది. ఆ చారలు హాప్టోగ్లోబిన్‌వి. ఎర్రకణాలు పగిలినప్పుడు బయటపడే హిమోగ్లోబిన్‌ను పట్టుకుని శరీరానికి హాని జరగకుండా చూసే ప్రొటీన్ అది. అందులో ముఖ్యంగా రెండు రకాలు. రెండో రకం, జన్యువులో ఒక ముక్క రెండుసార్లు అతుక్కోవడం వల్ల పుట్టింది. మొదటి రకం ప్రపంచంలోకెల్లా తక్కువగా కనిపించేది మన ఉపఖండంలోనే. మనుషుల్లో ఎప్పుడో జరిగిన ఈ అతుకు ఆవుల వంశంలోనూ వేరుగా, దానంతట అదే జరిగింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురమనిపించే విషయం ఇదే.

గంజి పద్ధతి త్వరలోనే పశువుల దొడ్లకూ చేరింది. ఇనుమును మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్‌లో రకాలున్నాయని 1957లో మనుషుల్లో స్మితీస్, ఆవుల్లో జి.సి. యాష్టన్ చూపించారు. గుర్రాల్లో ఇంకా ఎక్కువ రకాలు దొరికాయి. డీఎన్‌ఏ పరీక్షలు రాకముందు పందెపు గుర్రాల పుట్టుకను తేల్చింది రక్తంలోని ఇలాంటి గుర్తులే. పిల్లలో ‘డి’ రకం ఉండి, తల్లిలోనూ, తండ్రి అని రాయించిన పోతు గుర్రంలోనూ అది లేదనుకోండి. ఆ పోతు దాని తండ్రి కాదని తేలిపోయేది. ఆ మాట మీద వేల డాలర్ల బేరాలు నిలిచేవి.

గుర్రాల విషయంలో ఆ తేడా డబ్బుకు సంబంధించింది. ఆపరేషన్ బల్ల మీద, మరో రక్త ప్రొటీన్‌లోని అలాంటి తేడాయే ప్రాణానికి సంబంధించింది అవుతుంది.

మత్తు డాక్టర్లు స్కోలిన్ అని పిలిచే సక్సామెథోనియం ఇచ్చిన నిమిషంలోపే కండరాలన్నీ సడలిపోతాయి. గొంతులోకి గొట్టం వేయడం తేలికవుతుంది. ప్లాస్మాలోని బ్యూటిరిల్‌కొలినెస్టరేస్ అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టడంతో పది నిమిషాల్లోపే ఊపిరి తిరిగొస్తుంది. ఆ ఎంజైము పనిచేయని వాళ్లకు గంటలు గడిచినా ఊపిరి రాదు. వెంటిలేటర్ మీద ఉంచితే ప్రమాదం తప్పుతుంది. కారణం తెలియక మత్తు ఆపేస్తే మాత్రం, రోగికి తెలివి వచ్చి అన్నీ వినిపిస్తుంటాయి, కనురెప్ప కూడా కదపలేడు. ఇంతకన్నా భయంకరమైన స్థితి నేను ఊహించలేను.

ఈ ఎంజైము లోపం వంశపారంపర్యమని చూపించిన వెర్నర్ కాలో కూడా టొరంటోవాడే, కాలమూ అదే, 1957. జంతువుల్లోనూ ఈ తేడా ఉంది. ఆవులు, గొర్రెల ప్లాస్మాలో ఈ ఎంజైము చాలా తక్కువ. అందుకే కొద్ది మోతాదు మందుకే అవి కుప్పకూలతాయి. గుర్రపు రక్తంలో మాత్రం పుష్కలం. ఈ ఎంజైమును వేరుచేసి చదవడానికి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాడింది గుర్రపు సీరమే.

ఇక మన దగ్గరికి వద్దాం. వైశ్య సామాజికవర్గంలో ఈ లోపం తక్కిన భారతీయ సమూహాలకన్నా సుమారు వందరెట్లు ఎక్కువని 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన పరిశోధన పేర్కొంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాల పని అది. సమూహం ఎప్పుడో కొద్దిమందితో మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటే, ఆ తొలి పెద్దల్లో ఒకరిద్దరికి ఉన్న మార్పు అందరిలోకీ పాకుతుంది. ఇందులో ఎవరినీ వేలెత్తి చూపాల్సింది లేదు. ఎక్కువమందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. స్కోలిన్ తగిలినప్పుడే సంగతి బయటపడుతుంది.

దీన్ని ముందే పసిగట్టడం అంత కష్టమేమీ కాదు. పురుగుమందు తాగి వచ్చిన వాళ్లకు మన ఆసుపత్రుల్లో చేసే సీరం కొలినెస్టరేస్ పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. పురుగుమందు దెబ్బకు పడిపోయేది కూడా ఈ ఎంజైమే మరి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ పరీక్షించేటప్పుడు, ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందేమో ఆయన అడగాలి, అడగకపోయినా మనం చెప్పాలి. ఒకరిలో లోపం తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, కాబట్టి వాళ్లనూ పరీక్షించాలి. ఆ ఫలితం కాగితం మీద రాయించుకుని, ఏ ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపించాలి. స్కోలిన్‌తో పాటు, అదే ఎంజైముతో విరిగే మైవాక్యూరియం కూడా వాళ్లకు పనికిరాదు. బదులుగా రోక్యురోనియం ఉంది, దాని ప్రభావాన్ని తీసేయడానికి సుగమాడెక్స్ ఉంది.