కట్టెల పొయ్యికి పొగగొట్టం: ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తు ఉండాలి?

మీ ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా కట్టెల పొయ్యి కూడా వెలుగుతోంది కదా? స్నానాలకు వేణ్ణీళ్లు, గేదెలకు ఉలవలు ఉడకేయడం, పండగకు అరిసెలు, పదిమంది వస్తే అన్నం... వీటన్నిటికీ గ్యాస్ వాడలేం అంటారు. అందులో నిజం ఉంది. దీపం-2 పథకం 2024 నవంబర్ 1న మొదలైంది. దీని కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. నలుగురైదుగురు ఉన్న ఇంట్లో సిలిండర్ నెల, నెలన్నర వస్తుంది. మిగతా రోజులకు డబ్బు పెట్టి కొనాలి, లేదంటే కట్టెలు పెట్టాలి. అందుకే ఈసారి సిలిండర్ గురించి కాకుండా పొయ్యి గురించి, ముఖ్యంగా దాని పొగగొట్టం గురించి చెప్పుకుందాం.

పొగను తేలిగ్గా తీసుకోకండి. ఇళ్లలో వంట పొగ, దానివల్ల వచ్చే కాలుష్యం కారణంగా 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఐదేళ్ల లోపు పిల్లలు 2 లక్షల 37 వేల మందికి పైనే. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్లు, వాళ్ల చంకలో ఉండే చంటిబిడ్డలు.

గొట్టం పెట్టినా పొగ ఎందుకు పోదు?

పొగగొట్టం పొయ్యి మనకు కొత్త కాదు. 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు గొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారుచేసి, దాని మీద పుస్తకం కూడా వేశారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టి, 2002లో ఆపేసే నాటికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇచ్చింది. వాటిలో చాలా వరకు కొద్ది కాలానికే మూలపడ్డాయి. పొయ్యి కట్టి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. గొట్టంలో మసి పేరుకుంది, మట్టి పగిలింది, గిన్నె పొయ్యి కంతకు సరిపోలేదు. విసిగిపోయి జనం మళ్లీ మూడు రాళ్లే పెట్టుకున్నారు. పొయ్యి కట్టించుకోగానే పని అయిపోదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

గొట్టం పొగను లాగడానికి కారణం వేడి. లోపలి గాలి వేడెక్కి తేలికై పైకి పోతుంది, దాని వెనకే పొయ్యి నోట్లోంచి కొత్త గాలి వస్తుంది. గొట్టం ఎంత ఎత్తు ఉంటే, ఎంత తిన్నగా ఉంటే అంత బాగా లాగుతుంది. వంపు పెట్టిన ప్రతిచోటా లాగుడు తగ్గి మసి పట్టుకుంటుంది. వంపు తప్పకపోతే ఒక్కటే పెట్టండి, అది కూడా ఏటవాలుగా. ఇంటి పొయ్యికి మామూలుగా నాలుగు అంగుళాల గొట్టం చాలు. మరీ లావు గొట్టంలో పొగ చల్లారిపోయి నెమ్మదిస్తుంది.

చాలామంది పొరబాటు పడేది ఎత్తు దగ్గర. గోడకు కంత పెట్టి చూరు కింద గొట్టం చివర వదిలేస్తారు. కాస్త ఎదురుగాలి వీస్తే ఆ పొగంతా తిరిగి ఇంట్లోకే వస్తుంది. గొట్టం కప్పు దాటి కనీసం మూడు అడుగులు పైకి ఉండాలి. చుట్టూ పది అడుగుల లోపల కొప్పు గానీ, పక్కింటి గోడ గానీ ఉంటే వాటికన్నా రెండు అడుగులు ఎత్తుగా ఉండాలి. పైన రేకు టోపీ పెట్టించండి, వాన నీళ్లు పడవు. టోపీ గొట్టానికి మరీ అంటుకుని ఉంటే మాత్రం పొగ పోదు.

వంటింట్లోకి గాలి వచ్చే దారి కూడా ఉండాలి. తలుపు, కిటికీ బిగించి పొయ్యి వెలిగిస్తే గొట్టం లాగడానికి గాలే ఉండదు.

ఏ గొట్టం కొనాలి?

నీళ్ల కోసం వాడే పీవీసీ పైపు మిగిలిందని పొయ్యికి పెట్టేవాళ్లున్నారు. అది మెత్తబడుతుంది, కాలితే విషవాయువులు వస్తాయి. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలుంటాయి. వాటిని రంపంతో కోయకండి, పగలగొట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. కాల్చిన మట్టి గొట్టం గానీ ఇనుప గొట్టం గానీ మంచిది. షాపుల్లో చిమ్నీ అని అమ్మే కరెంటు యంత్రం గ్యాస్ పొయ్యి కోసం, కట్టెల పొయ్యి మీద పెట్టేది కాదు.

తాటాకు, రెల్లు కప్పుల విషయంలో గట్టిగానే చెప్పాలి: కప్పు మధ్యలోంచి గొట్టం తీయకండి. ఇనుప గొట్టం వేడికి ఎండుటాకు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. గొట్టం పైనుంచి పడే నిప్పురవ్వ ఒక్కటి చాలు. అలాంటి ఇల్లయితే పొయ్యిని ఇంటికి దూరంగా, రేకు కప్పిన చిన్న వంటపాకలోకి మార్చడమే దారి. పెంకుటింట్లో కూడా గొట్టానికీ వాసాలకూ మధ్య అడుగున్నర ఖాళీ ఉండాలి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇల్లు కట్టుకుంటున్నారా? 25 చదరపు మీటర్ల ఇంట్లో వంటకు చోటు కూడా లెక్కలో ఉంటుంది. పొయ్యి ఎక్కడ వస్తుందో మేస్త్రీకి ముందే చెప్పి, స్లాబ్ పోసేటప్పుడే గొట్టానికి కంత వదిలించండి. తర్వాత పగలగొడితే లోపలి ఊచలు తెగుతాయి, వానాకాలం కారుతుంది.

నెలకోసారి మసి

తాడుకు రాయి కట్టి, దానికి పాత గోనె చుట్టి పైనుంచి లాగితే మసి రాలుతుంది. గొట్టం అడుగున మూత ఉన్న చిన్న కంత పెట్టించుకుంటే అక్కడినుంచి తీసేయవచ్చు. పచ్చి కట్టె కాలిస్తే మసి రెట్టింపు పడుతుంది. అందుకే వానలకు ముందే కట్టెలు ఎండబెట్టి కప్పు కింద పేర్చుకోవాలి. పొయ్యి పగుళ్లకు మట్టి, పేడ పూయండి. పొద్దున్నే గొట్టం చల్లగా ఉండి పొగ వెనక్కి తన్నుతుంటే, ముందు అడుగు కంత దగ్గర కాగితం వెలిగించండి, లాగుడు అందుకుంటుంది.

గొట్టంలో బుస్సుమని చప్పుడు వచ్చి పైన మంట కనిపిస్తే మసి అంటుకున్నట్టు. నీళ్లు పోయకండి. కట్టెలు బయటకు లాగి, పొయ్యి నోటిని రేకుతో మూసి, 101కి ఫోన్ చేయండి. పొగ రావడం లేదు కదా అని, నిప్పులు కణకణలాడుతుండగా గొట్టం మూసేయకండి. ఆ నిప్పుల నుంచి కంటికి కనిపించని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సిలిండరూ, కట్టెల పొయ్యీ ఒకే గదిలో పెట్టకండి. గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే నేల మీదే పాకుతుంది, మన పొయ్యి ఉండేది కూడా నేల మీదే. వాసన వస్తే ముందు రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటకు వచ్చి 1906కి చెప్పండి.

దీపం డబ్బు సిలిండర్‌కే, గొట్టానికి రాదు. ఉచిత సిలిండర్లు నాలుగు నెలలకొకటి చొప్పున వస్తాయి: ఏప్రిల్ నుంచి జులై, ఆగస్టు నుంచి నవంబర్, డిసెంబర్ నుంచి మార్చి. గడువు లోపల బుక్ చేసుకోండి. రైస్ కార్డు, ఆధార్ అనుసంధానమయ్యాయో లేదో ముందే చూసుకోండి. డబ్బు ఖాతాలో పడకపోతే 1967కి ఫోన్ చేయవచ్చు.