నిశాని పడలేదు

“వేలిని మళ్లీ ఆనించండి.”

మొన్న దసరాకు అమ్మ చేతిలో పెట్టిన కొత్త ఫోన్ ఈ మాట పదకొండోసారి అన్నది. అమ్మ కుడి బొటనవేలిని కొంగుకు తుడుచుకుని మళ్లీ ఆనించింది. స్క్రీన్ మీద గుండ్రటి గీత సగం దాకా నిండి ఆగిపోయింది. పన్నెండోసారి కూడా అదే మాట.

“నా ఏళ్లకు గీతల్లేవు బిడ్డా, బీడీలు తిన్నయి. నువ్వే ఏదన్న నంబరు పెట్టియ్యి” అని లేచి పొయ్యికాడికి పోయింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. వైఫై దగ్గర్నుంచి టీవీ రిమోట్ దాకా ఇంట్లో ఏది మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. ఈసారి మాత్రం రీస్టార్ట్ చేస్తే పోయే సమస్య కాదని అర్థమైంది. ఫోన్ బాగానే ఉంది, అమ్మ వేలూ బాగానే ఉంది. మరి ఎక్కడ తేడా కొట్టింది?

మాది రుద్రంగి. 2023లో ఆ పేరుతో జగపతిబాబు సినిమా వచ్చాక “అదెక్కడుంటది?” అని అడిగేవాళ్లు కొంచెం తగ్గారు. వేములవాడ నుంచి కోరుట్ల పోయే దారిలో, రాజన్న సిరిసిల్ల జిల్లా అంచున ఉంటుంది. అది దాటితే జగిత్యాల జిల్లా. ఇటు సిరిసిల్ల, అటు కోరుట్ల, జగిత్యాల... ఈ చుట్టుపక్కల చాలా ఇండ్ల లెక్క ఒక్కటే. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్ల ఒడిలో బీడీల చాట. మా ఇల్లూ అంతే. నాన్న దుబాయ్‌లో ఉంటాడు. అమ్మ పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చేస్తోంది.

తునికాకు తడపాలి, కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మలవాలి. రోజుకు వెయ్యి బీడీలంటే వెయ్యిసార్లు ఆకు, తంబాకు, దారం అమ్మ బొటనవేళ్లనూ చూపుడువేళ్లనూ రాకుతూ పోతాయి. నా బీటెక్ ఫీజులో సగం ఆ వేళ్ల నుంచే వచ్చింది. ఆ వేళ్లనే ఫోన్ గుర్తుపట్టలేదు.

ఫోన్ నిజంగా ఏం చూస్తుంది?

సెన్సర్ మన వేలిని ఫొటో తీసి గుర్తుపడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరే ఉంటుంది.

పవర్ బటన్‌లో ఉండే సెన్సర్ ఎక్కువగా కెపాసిటివ్ రకం. దాని కింద కంటికి కనిపించనంత చిన్న పలకలు వేలల్లో ఉంటాయి. వేలిమీద గట్లు, మధ్యలో లోయలు ఉంటాయి కదా. గట్టు పలకకు ఆనుతుంది, లోయ దగ్గర గాలి మిగులుతుంది. ఆ రెండుచోట్లా నిలిచే విద్యుత్ ఆవేశంలో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాలన్నీ కలిపి సెన్సర్ ఒక మ్యాప్ గీసుకుంటుంది. రెండు గట్ల మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరే. గట్లు అరిగితే, చర్మం ఎండి గట్టిపడితే ఆ మ్యాప్ మసకబారుతుంది.

స్క్రీన్ కిందుండే సెన్సర్లు రెండు రకాలు. ఆప్టికల్ రకంలో స్క్రీన్ వెలుగే వేలిమీద పడి తిరిగొస్తే, కింద ఉన్న చిన్న కెమెరా దాన్ని పట్టుకుంటుంది. 2018 మొదట్లో వివో ఎక్స్20 ప్లస్ యూడీ ఇలాగే వచ్చింది. రెండోది అల్ట్రాసోనిక్. మన చెవికి వినిపించని శబ్దాన్ని పంపి, అది తిరిగొచ్చే తీరుతో గట్లను లెక్కగడుతుంది. 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10లో పెట్టింది ఇదే.

ఏ రకమైనా చివరికి వెతికేది గీతల తీరులోని గుర్తులనే: గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది లాంటివి. ఆ గుర్తుల లెక్కను ఫోన్ తన లోపలే, మామూలు యాప్‌లకు అందని చోట దాచుకుంటుంది. తర్వాత మీరు వేలు పెట్టిన ప్రతిసారీ పాత లెక్కతో పోల్చి మార్కులు వేస్తుంది. పాస్ మార్కు దాటితే తలుపు తెరుచుకుంటుంది. దాటకపోతే మీరు ఎవరైనా సరే బయటే.

పాస్ మార్కు ఎవరు పెట్టారు?

ఆ పాస్ మార్కు దగ్గరే అసలు తిరకాసు. తక్కువ పెడితే పక్కింటాయన వేలికీ ఫోన్ తెరుచుకుంటుంది. ఎక్కువ పెడితే సొంతదారే బయట నిలబడతాడు. 2013లో ఐఫోన్ 5ఎస్‌తో టచ్ ఐడీ తెచ్చిన ఆపిల్, వేరేవాళ్ల వేలికి ఫోన్ తెరుచుకునే అవకాశం 50,000లో ఒకటి అని చెప్పింది. 2017లో వచ్చిన ఫేస్ ఐడీకి 10 లక్షల్లో ఒకటి అన్నది. ప్రకటనల్లో వినిపించేవి ఇలాంటి అంకెలే. సొంతవాళ్లనే బయట నిలబెట్టే తప్పు ఎన్నిసార్లు జరుగుతుందో డబ్బా మీద ఎవరూ రాయరు.

ఇక్కడ నా సంగతీ ఒకటి ఒప్పుకోవాలి. ఇంతకుముందు పనిచేసిన కంపెనీలో ఒక యాప్ లాగిన్ పేజీ మా టీమ్‌దే. వేలిముద్ర కలవకపోతే ఏం చూపించాలి అన్న పని నాకొచ్చింది. “వేలిని సరిగ్గా ఆనించండి” అని రాశాను. టెస్ట్ చేసింది మా ఫ్లోర్లో ఉన్న పదిహేను మంది. అన్నీ కీబోర్డు కొట్టే వేళ్లే, అన్నీ పాసయ్యాయి. ‘సరిగ్గా’ అన్న మాటతో తప్పును అవతలివాళ్ల చేతి మీదకు నెట్టానని దసరా రోజు అమ్మ కొంగుకు వేలు తుడుచుకుంటుంటే గానీ తెలిసిరాలేదు.

వేలితోనే ఆగలేదు

కోవిడ్ రెండో వేవ్‌లో మన ఇండ్లల్లోకి ఆక్సీమీటర్ వచ్చింది గుర్తుందా? జపాన్ ఇంజనీర్ టకువో అయోయగి 1970ల మొదట్లో కనిపెట్టిన సూత్రం మీద పనిచేసే గాడ్జెట్ అది. వేలి గుండా ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఆ రెండింటినీ వేర్వేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడానే 98 అనో 94 అనో మనకు చూపిస్తుంది.

2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు అచ్చయ్యాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగిందట. కాంతి చర్మం గుండా పోవాలి కదా, ఆ చర్మం రంగు లెక్కను మార్చేస్తోంది.

స్మార్ట్ వాచ్ వెనక మెరిసే పచ్చ లైటుదీ ఇలాంటి కథే. రక్తం పచ్చ కాంతిని పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ పీల్చుకోవడం మారుతుంది. 2015లో ఆపిల్ వాచ్ వచ్చిన కొత్తలో మణికట్టు మీద టాటూ ఉన్నవాళ్లకు గుండె లెక్క సరిగా రాలేదు. కొన్ని టాటూల సిరా కాంతిని అడ్డుకుంటుందని కంపెనీయే చెప్పింది. నాకు మా నాయనమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు గుర్తొచ్చింది.

అంటే ఏ సెన్సరైనా మనిషిని చూడదు. కాంతినో, కరెంటునో, శబ్దాన్నో కొలుస్తుంది. తయారుచేసినవాళ్ల లెక్కలో మన చేయి లేకపోతే, మన చేతిదే తప్పంటుంది.

నిశాని కథ తిరగబడింది

మా దిక్కు వేలిముద్రను నిశాని అంటారు. సంతకం రానోళ్లు నిశాని వేసేవాళ్లు. అందులో ఒక నామోషీ ఉండేది. అమ్మ పెళ్లయ్యాక రాత్రి బడికి పోయి పేరు రాయడం నేర్చుకున్నది అందుకే. బీడీ కార్ఖానా రిజిస్టర్‌లో మొదటిసారి సంతకం పెట్టిన రోజును ఇప్పటికీ చెప్తుంది.

ఇప్పుడు చూడండి. ఇంజనీరింగ్ చదివిన నేను ఫోన్ తెరవడానికి రోజుకు వందసార్లు నిశాని వేస్తున్నాను. సంతకం నేర్చుకున్న అమ్మను మాత్రం రేషన్ షాపులో, బ్యాంకు పాయింటులో నిశాని అడుగుతున్నారు. వేద్దామంటే అమ్మ దగ్గర అది లేదు.

వేలిముద్రతో మనిషిని గుర్తుపట్టే పని మన దేశానికి కొత్తేం కాదు. 1897లోనే కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు అక్కడ ముద్రలను వరసబెట్టే పద్ధతి తయారుచేశారు. వాళ్లకు కావలసింది నేరస్తుల ముద్రలు. ఈరోజు బియ్యం తెచ్చుకోవడానికి వచ్చినవాళ్లవీ కావాలి. అందుకే ముద్ర పడకపోవడం చిన్న విషయం కాదు. ఆధార్ తేడా వచ్చిందన్న కారణంతో రేషన్ ఆపొద్దని 2017 అక్టోబరులోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కోవిడ్ టైంలో, 2021లో మన రేషన్ షాపుల్లో వేలికి బదులు ఐరిస్, ఓటీపీ తెచ్చారు. రెండో దారి ఉంటుందన్నమాట. కాకపోతే అది ఉందని అడిగేవాళ్లకే దొరుకుతుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి చేయి ఉంటే

దసరా సెలవుల్లో మేం చేసి చూసినవి చెప్తాను. బీడీలే కానక్కర్లేదు. సిమెంటు పని, బట్టలుతికే సబ్బు, పొలం పని, అన్నీ వేళ్లను అరగదీసేవే.

మొదటిది, పని చేయని వేలు వెతకండి. అమ్మ బీడీ చుట్టేటప్పుడు పక్కన కూర్చుని పావుగంట చూశాను. ఎడమచేతి ఉంగరం వేలికి పెద్దగా పని తగలట్లేదు. అది పెడితే నాలుగో నిమిషంలో రిజిస్టర్ అయింది. ఆధార్‌లో నమోదైనవి పది వేళ్లు. కాబట్టి రేషన్ దగ్గర కూడా ‘ఈ వేలు చూడు’ అని అడగొచ్చు.

రెండోది, అదే వేలిని రెండుసార్లు, కొంచెం అటూ ఇటూ వంచి నమోదు చేయండి. చాలా ఫోన్లు నాలుగైదు ముద్రలు తీసుకుంటాయి. చేతులు కడిగి, కొద్దిగా కొబ్బరినూనె రాసి తుడిచేస్తే పొడిబారిన చర్మం మెత్తబడుతుంది.

మూడోది, స్క్రీన్ గార్డు. స్క్రీన్ కింద సెన్సర్ ఉన్న ఫోన్‌కు మందపాటి గార్డు వేయకండి. 2019లో ఒకరకం సిలికాన్ కవర్లు వేసిన ఎస్10 ఫోన్లు వేరేవాళ్ల వేలికి కూడా తెరుచుకుంటే, శాంసంగ్ అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.

నాలుగోది, ఫేస్ అన్‌లాక్. తక్కువ ధర ఫోన్లలో ఇది ఎక్కువగా ముందు కెమెరా ఫొటోతోనే నడుస్తుంది. చాలా బ్యాంకు యాప్‌లు దాన్ని ఒప్పుకోవు. ఫోన్ తెరవడానికి సరే, డబ్బులకు మాత్రం పిన్ ఉండాల్సిందే.

ఐదోది, ఆ పిన్. ఊళ్లో సెల్ రీచార్జి చేసే పిల్లగాడికి అమ్మ పాత పిన్ నోటికొచ్చు. వేలు పడదు కాబట్టి పాపం అందరికీ చెప్పేసింది. కొత్తది నేను పెట్టలేదు, అమ్మతోనే పెట్టించాను. నాక్కూడా తెలియదు.

చివరిది, పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది. అవసరం లేనప్పుడు వేసి పెట్టండి.

ఆఫీసులో నేనూ ఒక పని చేశాను. ఇప్పటి ప్రాజెక్టులో వేలిముద్ర కలవకపోతే “వేలిముద్ర కలవలేదు. పిన్‌తో తెరవండి” అని వస్తుంది. పిన్ బటన్‌ను మూలకు దాచకుండా అదే సైజులో పక్కనే పెట్టించాను.

బొటనవేలు తిరిగొచ్చింది

సంక్రాంతి తర్వాత అమ్మకు కంటి ఆపరేషన్. హైదరాబాద్‌లో నా దగ్గరే ఐదు వారాలు ఉంది. తంబాకు దుమ్ము తగలొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఊహ తెలిశాక అన్ని రోజులు చాట పట్టకుండా ఉండటం ఇదే మొదటిసారి అన్నది.

ఊరికి పోయే ముందు రోజు రాత్రి, ఏదో అనుమానంతో ఆ కుడి బొటనవేలినే మళ్లీ పెట్టమన్నాను. గుండ్రటి గీత ఆగకుండా నిండింది. ఫోన్ లాక్ చేసి ఇచ్చాను. అమ్మ వేలు ఆనించింది.

“అరె, తెరుసుకుందిరా!”

ట్యూబ్‌లైటు కిందకు పోయి బొటనవేలిని చాలాసేపు చూసుకుంది. పై చర్మం నాలుగైదు వారాల్లో కొత్తగా వస్తుంది. గీతల అచ్చు మాత్రం దాని కింది పొరలో, తల్లి కడుపులో ఉన్నప్పుడే పడి ఉంటుంది. అరగడం ఆగితే అవే గీతలు పైకొస్తాయి. అమ్మ వేలికి గీతలు లేకపోలేదు, సెలవు లేదు.

ఉగాది నాడు వీడియో కాల్‌లో అడిగాను, బొటనవేలు పడుతోందా అని.

“లేదు బిడ్డా, మళ్ల పడుత లేదు. ఎడమచేతి ఏలే పెడుతున్న.”

“పండుగ పూట కూడా బీడీలేనా అమ్మా? ఎన్ని చేసినవ్ ఇయ్యాల?”

“వెయ్యికి నలభై తక్కువ” అన్నది.